తలుపుకి అడ్డం పెట్టిన ముక్కు

జూన్ 3

ఎముకల మధ్య కాపురం పెట్టిన తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. చదివాను. మడిచి పెట్టి, మళ్లీ తీసి చదివాను. తోడబుట్టినదానికి మూడు పేజీలు రాసి, అందులో రెండున్నర పేజీలు తలుపుకి అడ్డం పెట్టుకున్న రాయి గురించే రాసే మనిషి ఉంటాడంటే మొదటిసారి నమ్మబుద్ధి కాలేదు. మీ బావ నడుంనొప్పి గురించి ఒక్క ముక్క లేదు. రాయి తడవకుండా ఉందా అని మాత్రం అడిగావు.

రెండు రోజులుండి పోదామని వచ్చినవాడివి. ప్రార్థనకి పైకి రమ్మంటే మెట్ల చివర ఆగిపోయి, హాలు తలుపు గాలికి కొట్టుకోకుండా నేను పెట్టిన రాయి ముందు మోకాళ్ల మీద కూలబడ్డావు. మా సంఘం వాళ్లు ‘తమ్ముడుగారు మారుమనసు పొందారమ్మా’ అని సంబరపడ్డారు. నేనూ ఒక్క క్షణం పడ్డాను. తీరా చూస్తే జేబులోంచి టేపు తీసి దాన్ని కొలుస్తున్నావు.

ఆ రాయి మీ బావ వలలో వచ్చింది. వలని చింపుకుంటూ వచ్చింది. ఆ వల మళ్లీ కుట్టింది నేను. వారమంతా కింద షెడ్డులో వలలు కుట్టేది ఈ చేతులే, ఆదివారం పైన హాల్లో వాక్యం చెప్పేది ఈ నోరే. కాబట్టి దాని మీద హక్కు ఎవరిదో నీ మ్యూజియం నాకు నేర్పక్కర్లేదు.

‘అంతరించిపోయిన తిమింగలం’ అని రాశావు. అంతరించిపోవడమా! చేసినవాడు దాన్ని ఎక్కడో పెట్టి మరిచిపోయాడంటావా? జలప్రళయంలో నేల మీద తిరిగేవాటికి ఓడ కావలసి వచ్చింది. నీళ్లలో బతికేదానికి నీళ్లెక్కువైతే ఏం నష్టంరా? దీనికి జవాబు రాయి. ప్రవక్త ఎండిన ఎముకల లోయలో నిలబడి మాట్లాడితే ఎముకలకి ప్రాణం వచ్చింది. నువ్వు నిలబడితే ఎముకలకి నంబర్లు వస్తాయి.

రాయి ఇవ్వను. ఫోన్ చెయ్యకు. ఫోన్‌లో ‘సరే అక్కా’ అని మాట మింగేస్తావు. కాగితం మీదైతే దొరికిపోతావు.

నోరు మూసుకోని
అక్క


జూన్ 14

వేదిక దిగని అక్కకి,

బావ నడుం ఎలా ఉంది? చూడు, మొదటి వాక్యంలోనే అడిగాను. ఇక రాయి సంగతి.

అది రాయి కాదు, ముక్కు. డాల్ఫిన్‌కి ఉన్నట్టు మూతి ముందుకి పొడుచుకొచ్చిన తిమింగలాలు కొన్ని ఉన్నాయి. ఒడ్డుకి దూరంగా, వెలుతురు చేరని లోతుల్లో తిరుగుతాయి. వాటి పాత చుట్టాల్లో ఒకదాని ముక్కెముక నీ తలుపుకి కాపలా కాస్తోంది. మేం దాన్ని ‘ప్రజాతి’ అంటాం. నీకు అర్థమయ్యేలా చెప్పాలంటే, ఇంటిపేరు. ఆ ఇంటిపేరు గలవాళ్లెవరూ ఇప్పుడు ఏ సముద్రంలోనూ లేరు. ముక్కులే మిగిలాయి. మిగతా ఎముకలన్నీ కరిగిపోయినా ముక్కు మాత్రం పింగాణీలా గట్టిది గనక అడుగున పడి ఉండి, ఎప్పుడో ఎవరి వలకో తగులుకుంటుంది.

మా దగ్గరున్నది సగం ముక్కే. మ్యూజియం మెట్ల కింద నాకిచ్చిన గదిలో, గాలి ఒత్తిడితో ఆడే సూది పట్టుకుని దాని మీది మట్టి గీకడానికి ఒక చలికాలమంతా పట్టింది. తీరా అయ్యాక చూస్తే కొన లేదు. కొన చూడకుండా అది ఏ ఇంటిదో తేల్చలేం. కొనదాకా నిక్షేపంగా ఉన్నది నేను నా జన్మలో చూసింది నీ మెట్ల మీదే.

ఎంత గట్టిదో అంత పెళుసు. దాని మీద తలుపు విసిరి కొట్టకు. నూనె, సబ్బు, నీళ్లు తగలనివ్వకు. పెట్టె తెచ్చి నేనే తీసుకెళ్తాను.

నీ ప్రశ్నకి జవాబు: అవి నీళ్లెక్కువై చావలేదు. తిండి మారింది, నీళ్ల వేడి మారింది, వాటికంటే చురుకైనవి వచ్చాయి. ఎవరూ మరిచిపోలేదు అక్కా. ఎవరికీ పట్టలేదు, అంతే.

ఒక్క మాట. ప్రవక్తని మింగిన చేప ఇదేనని నువ్వు చెబుతున్నావట, బావ అన్నాడు. దానికి పైదవడలో పళ్లు కూడా లేవు. స్క్విడ్‌లని జుర్రుకుని బతికింది. ఆ గొంతులో ప్రవక్త కాదు కదా, ప్రవక్త చెప్పు కూడా పట్టదు. చదువు లేకపోవడం తప్పు కాదు. లేదని గర్వపడేవాళ్లని చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది.

నంబర్లు వేసే
తమ్ముడు


జూన్ 23

గొంతులు కొలిచే తమ్ముడికి,

ఆ చేప ఇదేనని నేనెప్పుడన్నాను? మీ బావ ఇంజిన్ చప్పుడులో సగం విని, నీకు సగం చెప్పి, ఇద్దరూ కలిసి నన్ను తెలివితక్కువదాన్ని చేశారు. నేను చెప్పింది ఇదీ: ‘చీకటి లోతుల్లో ఇలాంటి జంతువుని ఊపిరితో ఉంచినవాడు, నీళ్ల మీద తేలే మిమ్మల్ని విడిచిపెడతాడా?’ అని. ఇందులో తప్పేముంది? కావాలంటే మీ మ్యూజియం ప్రొఫెసర్‌ని పిలిచి కొలిపించు.

చదువంటావా! నువ్వు బడికి వెళ్తుంటే నీ పలక మోసింది ఎవరు? నువ్వు లోపల కూర్చుంటే గోడ బయట నిలబడి వినేదాన్ని. షెడ్డు గోడ మీద బొగ్గుతో అక్షరాలు దిద్దుకున్నాను. లేఖనం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా కూడబలుక్కుని నాకు నేనే చదువుకున్నాను. నీకు డిగ్రీ ఇచ్చినవాళ్లు నిన్ను మెట్ల కింద కూర్చోబెట్టారు. నాకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు, నేను మెట్ల పైనున్నాను.

నీ ఉత్తరం వల్ల ఒక మేలు జరిగింది. ‘ఎంత గట్టిదో అంత పెళుసు’ అన్నావే, ఆ మాట మీద పోయిన ఆదివారం గంటన్నర చెప్పాను. మెడ వంచని రాజుల గురించి, మెడ వంచని తమ్ముళ్ల గురించి. అందుకోసమే ముక్కుని మెట్ల మీంచి తెప్పించి వేదిక మీద స్టూలు వేసి నిలబెట్టాను. నువ్వు పెట్టెలో దాచుకోవాలనుకున్నదాన్ని అందరూ చూడనీ. కూటం అయ్యాక ఒక్కరూ ఇంటికి పోలేదు. వరసలో వచ్చి దాన్ని ముట్టుకుని వెళ్లారు. మీ బావ బోటులో మెకానిక్ ఉన్నాడే, అతని భార్య కొంగుతో తుడిచి మరీ ముట్టుకుంది. వాక్యం అంత లోతుగా దిగింది వాళ్లలో.

ఇంటిపేరు గురించి పాఠం చెప్పావు. మరి మన ఇంటిపేరు? నేను పెళ్లితో వదిలేశాను. నీకు పెళ్లే లేదు. నాన్న ఇంటిపేరు నీతో సరి. రేపు నిన్ను ఎవరి వలలోంచి తియ్యాలి?

అక్క


జూలై 5

విగ్రహాలు నిలబెట్టే అక్కకి,

మన ఇంటిపేరు జోలికి రాకు. నేను నీ ఇంటి విషయాలు ఎప్పుడూ ఎత్తలేదు.

బావ ఫోన్ చేశాడు. వేటకెళ్లే ముందు బోటువాళ్లంతా పైకెక్కి నీ ముక్కుని ముట్టుకుని వెళ్తున్నారట. మెకానిక్ భార్య రోజూ నూనె రాస్తోందట. నూనె! నేను వద్దని రాసినవాటిలో మొదటిది. వాక్యం సంగతి నాకు తెలీదు గానీ, నూనె మాత్రం లోతుగానే దిగి ఉంటుంది.

పోనీలే, మంచిదే. లైఫ్‌జాకెట్లు ఎవరికైనా ఇచ్చేయమను బావని. రేడియో ఎందుకు, వాతావరణ హెచ్చరికలెందుకు? పళ్లు కూడా లేని చచ్చిన జంతువు ముక్కు తడిమితే చాలు, ఎవడూ మునగడు. ఇంతమందికి ఇంత సులువుగా బుద్ధి పోగొట్టిన బోధకురాలిని నేను ఇంకెక్కడా చూడలేదు. నాకు నవ్వొచ్చింది, నవ్వడానికే రాశాను. నవ్వాక దాన్ని మళ్లీ మెట్ల మీద పెట్టు. అక్కడే మర్యాదగా ఉండేది.

తమ్ముడు


జూలై 9

తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చింది. బోటు రాలేదు.

రేవులో గాలివాన హెచ్చరిక జెండా ఎగరేశాక బయల్దేరారు. మిగతా బోట్లన్నీ తాళ్లు బిగించుకుని ఉన్నాయి. మీ బావ ఒక్కడే కదిలాడు. కదిలే ముందు ఆయన బోటువాళ్లంతా పైకి వచ్చారు. ప్రార్థన చేద్దామని నేను వాక్యం తెరిచి ఉంచాను. వాళ్లు ముక్కు ముట్టుకుని ‘వస్తామమ్మా’ అని దిగిపోయారు. జెండా సంగతి నేను అడగలేదు. వాళ్ల ధైర్యం చూసి మురిసిపోయాను. నా బోధ ఫలించిందనుకున్నాను.

ఆ తర్వాత గాలి. రేడియోలో పిలిస్తే జవాబు లేదు. మెకానిక్ భార్య కింద వలల గుట్ట మీద కూర్చుంది, ఎంత చెప్పినా లేవదు. పోస్టువాడు నీ ఉత్తరం ఆమె చేతికే ఇచ్చాడు. ఆమెకి చదవడం రాదు గనక బతికిపోయావు. లైఫ్‌జాకెట్ల మాట నేనొక్కదాన్నే చదివాను.

నవ్వడానికి రాశానన్నావుగా. నవ్వు.


జూలై 12

అక్కా,

నీ ఉత్తరం ఈ పొద్దున అందింది. వెంటనే రేవు ఆఫీసుకి ఫోన్ చేశాను. ఇంజిన్ ఆగిపోయి కొట్టుకుపోయారనీ, సరుకుల ఓడ ఒకటి చూసి తాడేసి లాక్కొచ్చిందనీ, నిన్న సాయంత్రమే అందరూ ఒడ్డు చేరారనీ చెప్పారు. నీకు ఫోన్ చేస్తే ఎత్తలేదు.

బోటు కనబడనప్పుడు ఒక్క ఫోన్ చేసుంటే అప్పుడే రైలెక్కేవాణ్ణి. అలాంటి కబురు పోస్టులో వేస్తారా ఎవరైనా? నన్ను శిక్షించడానికే వేశావు. సరే, పడింది శిక్ష. నేను రాసింది తప్పే. జెండా సంగతి నాకు తెలీదు.

బావకి దెబ్బలేమీ తగల్లేదుగా? ఈ గోలంతా తగ్గాక ముక్కు సంగతి మాట్లాడుకుందాం.

తమ్ముడు


జూలై 20

ముక్కు సంగతి మాట్లాడదామన్న తమ్ముడికి,

మొగుడు నీళ్లలోంచి వచ్చి బట్టలు ఆరకముందే ముక్కు గుర్తొచ్చింది నీకు. సరే, మాట్లాడదాం.

అందరూ బతికారు. ఓడవాళ్లిచ్చిన దుప్పట్లు కప్పుకుని రేవు నుంచి నేరుగా హాలుకి వచ్చారు. నేను మెట్ల పైన రెండు చేతులూ చాపి నిలబడ్డాను. నన్ను తప్పుకుని లోపలికెళ్లారు. నా మొగుడు, తమ్ముడూ, నా మొగుడు నా భుజం పట్టుకుని పక్కకి జరిపి వెళ్లాడు. వెళ్లి ఆ స్టూలు ముందు సాగిలపడ్డాడు. నూనె కారుతున్న ఎముకకి నుదురు ఆనించి ఏడ్చాడు. పెళ్లయిన నాటినుంచి ఆయన ఏడవగా నేను చూడలేదు. మా అత్త పోయినప్పుడు కూడా.

తాడేసి లాక్కొచ్చిన ఓడవాడికి ఎవరూ దండం పెట్టలేదు. పైనున్నవాడికీ పెట్టలేదు. చచ్చిన ముక్కుకి పెట్టారు. ఇన్నేళ్లూ నేను గొంతు చించుకుంది ఈ దద్దమ్మలకా? గోడకి చెప్పుంటే గోడైనా తిరిగి ఒక్క మాట పలికేది.

ఎడారిలో పాములు కరిచినప్పుడు జనం బతకాలని ఇత్తడి పాముని ఎత్తి నిలబెట్టారు. మంచికే నిలబెట్టారు. తరాలు గడిచాక జనం ఆ ఇత్తడికే ధూపం వెయ్యడం మొదలెట్టారు. బుద్ధున్న రాజొకడు వచ్చి దాన్ని ముక్కలు కొట్టించాడు. నిలబెట్టింది ఒకరు, పగలగొట్టింది ఇంకొకరు. నాకైతే రెండు పనులూ నా నెత్తిమీదే పడ్డాయి.

ఆగస్టు మొదటి ఆదివారం కూటంలో, అందరి ముందూ పగలగొడతాను. నీకు కావాలంటే ఆలోగా వచ్చి తీసుకుపో. పెట్టె తెస్తానన్నావుగా, తే.

అక్క


జూలై 28

అక్కా,

బెదిరించడంలో నిన్ను మించినవాళ్లు లేరు. చిన్నప్పుడు నా గవ్వల డబ్బా పొయ్యిలో పడేస్తానని ప్రతి వానాకాలం అనేదానివి. ఆ డబ్బా ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది.

ఇక్కడ గ్యాలరీ మారుస్తున్నారు, సెలవు లేదు. మా ప్రొఫెసర్‌తో ముక్కు సంగతి చెబితే, ‘ప్రార్థన హాల్లో దొరికిందా?’ అని నవ్వి, టీ చల్లారిపోతోందని వెళ్లిపోయాడు. ఆయన దృష్టిలో నువ్వూ నేనూ ఒకటే, రేవు మనుషులం. ఇన్నేళ్లు కష్టపడి ఆ చేపల కంపు వదిలించుకున్నాననుకున్నాను. నీ పుణ్యమా అని మళ్లీ అంటుకుంది.

అయినా నువ్వు పగలగొట్టవు. హాలు నింపుతున్నదాన్ని చేజేతులా పగలగొట్టే బోధకుణ్ణి నేను ఎక్కడా చూడలేదు. ముందు వరుస ఖాళీ అవుతుందంటే మీరంతా ఒక్కటే. సెప్టెంబరులో వస్తాను. అప్పటికి దాని ముందు టిక్కెట్లు పెట్టి ఉంటావు.

తమ్ముడు


ఆగస్టు 7

నేను చెయ్యనన్న తమ్ముడికి,

చేశాను.

బోట్లకి చెక్కలు బిగించే సుత్తి తెచ్చాను. రాజు కథ చెప్పాను. గోడలదిరేలా చెప్పాను. ఎవరూ ఆమేన్ అనలేదు. ‘ఇది ఎముక’ అని కొట్టాను. ఒక్క దెబ్బ. నువ్వు రాసినట్టే పింగాణీ కంచంలా పగిలింది. పగిలేముందు మోగింది తమ్ముడూ, గంట మోగినట్టు మోగింది.

గెలిచాననుకుని కళ్లు మూసుకుని ప్రార్థన మొదలెట్టాను. ఎంత గొప్ప ప్రార్థనో! అంత బాగా ఎప్పుడూ చెయ్యలేదు. కళ్లు తెరిచేసరికి హాల్లో ఒక్క మనిషి లేడు. నేల మీద ఒక్క ముక్క లేదు. మీ బావ కూడా లేడు.

ఏరుకుపోయారు. ఇప్పుడు బోటుకొక ముక్క ఉంది. ఒకడు ఇంజిన్ పైన కట్టాడు, ఒకడు చుక్కానికి కట్టాడు. మెకానిక్ భార్య దారానికి గుచ్చి మెళ్లో వేసుకుంది. నా కళ్లెదురుగా స్టూలు మీద ఒక్క విగ్రహం ఉండేది. దాన్ని పగలగొట్టి రేవంతా పంచిపెట్టాను. బంగారు దూడని పొడి చేసి, నీళ్లలో కలిపి, జనం చేత తాగించారని లేఖనంలో చదివినప్పుడల్లా ఇంత చాదస్తం ఎందుకు, పగలగొడితే చాలదా అనుకునేదాన్ని. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

మళ్లీ గాలుల కాలం వస్తోంది. అప్పుడు జెండా దాటింది మీ బావ ఒక్కడే. ఈసారి ముక్క కట్టుకున్న ప్రతి బోటూ దాటుతుంది. ప్రతిసారీ ఎక్కడినుంచో ఓడ రాదు. నా మాట ఎవరూ వినరు, వాళ్లదాన్ని పగలగొట్టినదాన్ని. నువ్వు రా. దాని ముందు మొట్టమొదట మోకాళ్లూనినవాడివి నువ్వేనని వాళ్లకి గుర్తుంది, నిన్ను అడుగుతున్నారు. నా వేదిక ఎక్కు. అది చచ్చిపోయిన జంతువనీ, తనని తానే కాపాడుకోలేకపోయిందనీ చెప్పు. అంతరించిపోయిందని చెప్పు. ఆ మాట నా హాల్లో నీ నోటి వెంట వినడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఇంతకన్నా ఏం దిగమంటావు?

అక్క


సెప్టెంబరు 2

అక్కా,

క్షేమంగా చేరాను, వారం దాటింది. ముక్కలూ చేరాయి. ఒక్కోదాన్నీ పాతవల గుడ్డలో విడివిడిగా చుట్టి, ఐసుపెట్టెలో ఎంత పొందిగ్గా సర్దావో! మా వాళ్లు కూడా ఇంత బాగా సర్దరు. ఒక్కటీ కదల్లేదు. పెట్టె మాత్రం గదంతా చేపల కంపు కొడుతోంది. కొట్టనీ.

నీ వేదికెక్కి నేను అంత గట్టిగా అరవగలనని నాకే తెలీదు. ‘దీనికి ఈత మీకంటే బాగా వచ్చు, ఊపిరి మీకంటే ఎక్కువసేపు పట్టగలదు, అయినా ఒక్కటి మిగల్లేదు. దీన్ని కట్టుకుని జెండా దాటుతారా?’ అన్నప్పుడు గెలిచాననుకున్నాను. వెనకనుంచి ఎవరో ముసలాయన లేచి, ‘మరి నువ్వెందుకు బాబూ దాని ముందు మోకాళ్లూనావు?’ అనేసరికి నీ వైపు తిరిగాను. నువ్వే లేచావు. ‘వాడికి మర్యాద తెలుసు గనక. చావింటికెళ్తే తల వంచుతాం. వరాలడుగుతామా?’ అన్నావు. అప్పుడే కదా మెకానిక్ భార్య మెళ్లో దారం తెంపి పెట్టెలో వేసింది. ఆమె వేశాక మిగతావాళ్లు ఆగలేదు.

పగిలినచోట లోపలి ఎముక చక్కగా కనిపిస్తోంది. కోసి చూద్దామని అడిగే ధైర్యం నాకు ఈ జన్మకి వచ్చేది కాదు. ప్రొఫెసర్ ఇప్పుడు నా గదికి తలుపు తట్టి మరీ వస్తున్నాడు. ఐసుపెట్టె మీద కూర్చోమన్నాను. కూర్చున్నాడు.

అన్నీ అతికించాను. ఒక్కటి లేదు. కొన. బొటనవేలంత ఉంటుంది. దేనికోసం ఇదంతా మొదలైందో అదే లేదు. అది లేకపోతే ఇదీ మా దగ్గరున్న సగం లాంటిదే, ఏ ఇంటిదో తేల్చలేం. మీ సంఘంలో ఎవరో దాచారు. నువ్వు గద్దిస్తే ఇస్తారు. గద్దించు అక్కా. ఈ ఒక్కసారి నీ నోటిని నేనే అడుగుతున్నాను.

తమ్ముడు


సెప్టెంబరు 15

తమ్ముడికి,

మొన్న జెండా ఎగిరింది. ఒక్క బోటూ కదల్లేదు. మీ బావ గట్టు మీద కూర్చుని నన్ను తిట్టాడు, నిన్ను తిట్టాడు, మీ మ్యూజియాన్ని తిట్టాడు. కానీ కూర్చునే ఉన్నాడు. ఈ మాట ముందు రాస్తున్నాను. కింది మాట చదివాక నీకు కోపం వస్తుంది గనక.

కొన నీకు రాదు. ఎవరి దగ్గరుందో నాకు తెలుసు. చొక్కా ఉతకబోతూ జేబు తడిమితే చేతికి తగిలింది. చేతిరుమాల్లో చుట్టి ఉంది. నూనె లేదు, శుభ్రంగా కడిగి ఉంది. చొక్కాలు ఉతికేది నేనేనని ఆయనకి తెలుసు. అయినా అక్కడే పెట్టుకున్నాడు.

సుత్తి గుమ్మం పక్కనే ఉంది. లేఖనం బల్ల మీద తెరిచే ఉంది. అందులో ఇలాంటిదానికి ఏం చెయ్యాలని ఉందో నువ్వు నాకు చెప్పక్కర్లేదు. ఇంజిన్ ఆగిపోయాక ఆ నీళ్ల మీద ఆయన దేన్ని తలుచుకుని నిలబడ్డాడో నేను అడగలేదు. అడిగినా చెప్పే మనిషి కాదు.

చొక్కా ఆరాక ఇస్త్రీ చేసి, దాన్ని మళ్లీ అదే జేబులో పెట్టాను. జేబు కుట్టు ఊడుతోంది. వలదారంతో గట్టిగా కుట్టాను.

నువ్వు ప్లాస్టర్‌తో ఏదో ఒక కొన చేసి అతికించుకో. కింద చీటీ మీద ‘కొన దొరకలేదు’ అని రాయి. అబద్ధమే. చెప్పుకోవాల్సిన చోట నేను చెప్పుకుంటాను, నిన్ను ఎవరూ అడగరు.

వచ్చే ఆదివారం దేని మీద మాట్లాడాలో ఇంకా తట్టలేదు. తలుపు గాలికి కొట్టుకుంటోంది. నీ దగ్గర బరువైన రాయేదైనా ఉంటే పంపు. ఎవరికీ ఏమీ కానిది.

అక్క